ఎర్తు పరీక్ష: సాధనముల తారతమ్యము

పంచాయతీ సభ్యులారా,

మీ యూరి పాఠశాలకో, అంగన్‌వాడీ కేంద్రమునకో క్రొత్తగా వైరింగు జరిగినపుడు మీరు పనిని చూచి బిల్లుపై సంతకము చేయుదురు. దీపము వెలిగినది, పంకా తిరిగినది, ఇంక లోటేమున్నదని అనుకొందుము. ఎర్తు తీగె లేకున్నను దీపము వెలుగును, పంకా తిరుగును. ఆ లోటు బయటపడునది ఏ పిల్లవాడో తడిచేతితో ఫ్రిజ్జు తలుపు తాకిననాడు. కావున ఎర్తును పరీక్షించు సాధనములను గూర్చి మీతో ముచ్చటింపదలచితిమి.

ప్రతి పనివాని జేబులోను నియాను టెస్టరుండును. అది ఫేజును చూపును, అంతియే. దానిని ఎర్తు రంధ్రమున పెట్టి, "వెలుగలేదు గనుక ఎర్తు బాగున్నది" అనువారిని మేము చూచితిమి. తీగెయే కలుపని రంధ్రములోను అది వెలుగదు గదా!

సాకెట్టులో గ్రుచ్చెడి మూడు దీపముల టెస్టరు దీనికంటె మేలు. ఫేజు న్యూట్రలుల నడుమ ఒక దీపము, ఫేజు ఎర్తుల నడుమ ఒకటి, న్యూట్రలు ఎర్తుల నడుమ ఒకటి యుండును. మొదటి రెండును వెలిగి మూడవది వెలుగకున్న సరియైనట్లు. ఎర్తు తెగియున్న మొదటిది మాత్రమే వెలుగును. ఫేజు, న్యూట్రలు తారుమారైనను తెలియును. వెల స్వల్పము, పంచాయతీ కార్యాలయమున ఒకటి యుండదగినది.

అయినను ఇదియు మోసపోవును. దాని దీపములు అతిస్వల్ప విద్యుత్తుతోనే వెలుగును గనుక, ఎండిపోయిన ఎర్తు గుంటను గూడ సరియనియే చెప్పును. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. గుంట త్రవ్వు ఖర్చు తప్పించుకొనుటకు, సాకెట్టు లోపలనే న్యూట్రలునుండి ఎర్తు పిన్నునకు తునక తీగె కలుపువారున్నారు. టెస్టరు దీనిని గుర్తింపజాలదు. వెనుక నెక్కడనైన న్యూట్రలు తెగినచో, నడుచుచున్న ఫ్రిజ్జు రేకునకు 230 వోల్టులు వచ్చి నిలుచును. మెయిను ఆపించి, పనివానిచే సాకెట్టు మరలు విప్పించి, తునక తీగె యున్నదేమో కన్నులార చూడుడు.

కొందరు ఫేజునకు ఎర్తునకు నడుమ బల్బు వ్రేలాడదీసి చూతురు. ఎర్తు బలహీనమైన బల్బు మసకగా వెలుగుట నిజమే. కాని ఎర్తు తెగియున్నచో, ఆ తీగెకు తగిలించిన ప్రతి లోహపు పెట్టెయు ఆ క్షణమున షాకు కొట్టును. దీనిని ఒప్పుకొనవలదనియే మా మాట.

గుంట బలమును ఓములలో చెప్పునది ఎర్తు మెగ్గరు. భూమిలో మేకులు పాతి దానితో కొలుతురు. 20 ఓముల గుంట మాత్రమే ఆధారమైనచోట, ఫేజు రేకునకు తగిలినను పారునది 11.5 ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఫ్యూజు పోదు. అందుచేతనే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడ అవసరము. దానిపైనున్న టెస్టు మీట ఆ పరికరమునే పరీక్షించును, ఎర్తును గాదు.

వానకాలమున నేల తడిగా నుండి కొలత మంచిగా కనబడును. మే నెలలో మరల కొలిపించి, ఓముల సంఖ్యను తేదీతో గోడపై వ్రాయింపుడు.