కత్తిపీట
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ వేదికపై కావ్యములను గూర్చియు, నాట్యమును గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. నేడు నేను కత్తిపీటను గూర్చి చెప్పదలచితిని. కొందఱు నవ్వుచున్నారు. వారి యింటనే కత్తిపీట అటుకపై నున్నదని నా యనుమానము.

చాకుతో తరుగునపుడు కాయ నిలిచియుండును, కత్తి కదలును. కత్తిపీటయందు కత్తి నిలిచియుండును, కాయయే కదలును. పీటను కాలితో అదిమి కూర్చున్నవారికి రెండు చేతులును కాయను పట్టుటకు మిగులును. గుమ్మడికాయయైనను, గుప్పెడు గోంగూరకాడలైనను అదే వాదరపై తెగును. ఇది మన యొక్కరి సొత్తు కాదు. కార్యాలయ వరండాలో విచారించినచో వంగసోదరులు బొంటి యనియు, ఒడియావారు పనికి యనియు, మరాఠీవారు విళీ యనియు చెప్పుదురు. కన్నడిగుల ఈళిగె మణె, తమిళుల అరివాళ్‌మణై అనువానిలో మణె, మణై యనగా పీటయే. నేపాళమున దీనిని చులేసి యందురు. దాని కఱ్ఱదిమ్మెను పక్షిగనో జంతువుగనో చెక్కుటయు కలదు.

దీనిని చేయుటకు ఇద్దఱు కావలెను. కమ్మరి ఇనుపపట్టీని, పలుచోట్ల పాత లారీ కమానుపట్టీని, కొలిమిలో కాల్చి, సాగగొట్టి, కొంగమెడవలె వంచును. వాదరను ఎఱ్ఱగా కాల్చి ముంచి చల్లార్చును. అట్లు గట్టిపడిన అంచు పెళుసుగా నుండును గనుక మరల కొలదిగా వేడి చూపును. ఆ వేడికి కొలమానము వాని కన్నే. మెఱయు నినుముపై ఎండుగడ్డి రంగు, పిదప ఊదారంగు క్రమముగా వచ్చును. తగిన రంగు కనబడగానే ఆపవలెను. ఒక క్షణము దాటెనా, అంచు మెత్తబడును.

వడ్రంగి పని దీనికి తీసిపోదు. నల్లతుమ్మవంటి గట్టికఱ్ఱను ఎన్నుకొని, అలుగు తోకకు సరిపోవునట్లు తొలచి బిగించును. కొందఱు పీట కొనను చిలుకగనో చేపగనో తీర్చుదురు. ఇచ్చట నా యభిప్రాయము కొంత కఠినము. చెక్కడము తడి తగులని చోటనే యుండవలెను. అంగళ్లలో అందమునకై అమ్ము కత్తుల పిడులపై లోతుగా లతలు చెక్కుచున్నారు. ఆ గాళ్లలో జిగురు నిలుచును, అఱచేయి ఒఱసికొనును. మంచి పనివాడు పిడి కొనలయందు రెండు మూడు గీతలు తీర్చి, నడుమ నున్నగా విడుచును.

ఆవకాయ కత్తి సంగతి వేఱు. దాని బరువైన అలుగు ఒక కొన దిమ్మెకు కీలుతో బిగింపబడియుండును, రెండవ కొన కఱ్ఱపిడి. టెంక ముదిరిన మామిడికాయ నుంచి ఒక్క పెట్టున దింపవలెను. ప్రతి ముక్కకును టెంకపెంకు అంటియుండిననే అది ఊటలో మెత్తబడక నిలుచునని మన యిల్లాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ దెబ్బ యంతయు పిడిపై పడును. కఱ్ఱనార పిడి పొడవునను సాగవలెను. అడ్డముగ పోయినచో ఒక వేసవిలోనే విఱుగును. అందుకే పిడి మొదట ఇనుప పొన్ను తొడుగుదురు.

మా మాతామహి కత్తిపీట అలుగు ఏండ్ల తరబడి నూఱగా నూఱగా సగమైనది. పీట మాత్రము చెక్కు చెదరలేదు. క్రొత్త అలుగు వేయింపదలచి మా తల్లిగారు దానిని స్వగ్రామమునకు గొనిపోయిరి. కొలిమి మూతపడియుండెను, కమ్మరి కుమారులిద్దఱును పట్టణమున బండ్లు నడుపుచున్నారు. వడ్రంగి దొరకెను గాని పీట బాగుచేయనక్కఱయే లేకపోయెను.

ప్రభుత్వము మఱచినదనరాదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమునందలి 18 వృత్తులలో కమ్మరమును, వడ్రంగమును కలవు. పనిముట్లకు 15,000 రూపాయలవఱకు సాయమును, రెండు విడతలుగ 3 లక్షల రూపాయలవఱకు ఋణమును నిర్ణయించిరి. దస్త్రములతో బ్రదుకు మనకు ఈ యంకెలు ముచ్చటగొలుపును. కాని కొలిమికి పని యెవరు తేవలెను? ఋణము తీర్చుటకైనను గిరాకి యుండవలెను గదా.

మన క్వార్టర్లలో వంటగట్టు నిలువుగ నున్నది, మోకాళ్లు మునుపటివి కావు. నేల కూర్చుండి తరుగుడని నేనెవరిని చెప్పుటకు! మా యింట ఆ మాట చెప్పి చూచితిని. జవాబుగా కత్తిపీటయు, కిలో బెండకాయలును నా ముందుకు వచ్చెను. అయినను రెండు పనులు సాధ్యము. పాత కత్తిపీటను తూకమునకు అమ్మక, గోడకు వ్రేలాడదీయక, సెలవులకు పోవునపుడు వెంట గొనిపోయి అలుగు మార్పించుడు. నిలుచుండి తరుగువారు అదే కమ్మరిచే చాకు చేయించుకొని, కఱ్ఱపిడి తమ చేతి కొలతకు వేయించుకొనుడు. బేరమాడకుడు.

ఇంటికి వచ్చిన పిదప శ్రమ కొంచెమే. ఇనుము త్రుప్పు పట్టును గనుక కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయవలెను. ఇనుపకత్తికి వంకాయ త్వరగా నల్లబడును. తరిగిన ముక్కను తరిగినట్లే ఉప్పునీట వేయుడు. పని ముగిసిన తరువాత వాదరను గోడవైపు త్రిప్పి, పసివారికి అందని చోట నుంచుడు.

తమ యూర కొలిమి యింకను మండుచున్నవారు ఆ కమ్మరి చిరునామాను చీటీపై వ్రాసి, సభ ముగియులోపల మన కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన. అటుకపై కత్తిపీటలున్న మిగిలినవారికి అది కావలసియున్నది.