జబ్బుపడిన పిల్లికి వైద్యము: నిర్ణయించుట ఎట్లు?

(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వరిని గురించియో, పాడిపశువులను గురించియో వినవచ్చునని వచ్చిన మీకు, ఈ పూట పిల్లిని గురించి మాటలాడుదునన్న నవ్వు రావచ్చును. కాని ధాన్యము నిలువచేసిన ఇంట పిల్లి తరచుగా ఉండనే ఉండును. అది జీతమడుగని కావలికాపు. ఎద్దునకు జబ్బుచేసిన ఏమి చేయవలెనో మీకు తెలియును. పిల్లికి ప్రాణము మీదికి వచ్చినప్పుడు మాత్రము ఇంటిలో రెండు మాటలు వినబడును. ఒకరు "పిల్లికి వైద్యమేమిటి, వదలివేయండి" అందురు. మరొకరు కంట తడిపెట్టి "ఎట్లయినను బ్రతికించండి" అందురు. ఈ రెండు మాటలును జబ్బు ఏదో తెలియక మునుపే పుట్టినవి. అందువలన రెండింటితోను చిక్కు వచ్చును. నాకు తెలిసిన రెండు సంగతులు చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట ఒక రైతు తన గండుపిల్లిని గోనెసంచిలో పెట్టుకొని మా వైద్యశాలకు వచ్చినాడు. ముందటి దినము ప్రొద్దుటినుండి అది మాటిమాటికి బూడిదకుప్ప మీద కూర్చుండి ముక్కుచు మూలుగుచు ఉన్నదట. మలబద్ధకమనుకొని ఆముదము పట్టించినారు. తెల్లవారునప్పటికి వాంతులు చేసికొని కదలక పడిపోయినది. ఇక బ్రతుకదని, కాలువగట్టున వదలివేయుటకు సంచిలో వేసినాడు. అతని చిన్నకూతురు సైకిలు పట్టుకొని విడువలేదు. ఆ పిల్ల పోరు పడలేక మా వద్దకు తెచ్చినాడు. పొట్ట తడిమి చూడగా మూత్రాశయము పెద్ద నిమ్మకాయవలె గట్టిపడి ఉన్నది. అది మలబద్ధకము కాదు, మూత్రనాళము పూడుకొనిపోయినది. మత్తు ఇచ్చి, సన్నని గొట్టము ఎక్కించి, మూత్రము తీసి, సెలైను పెట్టినాము. నాలుగవ నాటికి అది చేపముక్క తిన్నది. ఇంకొక దినము ఆలస్యమైన యెడల చనిపోయెడిదే.

రెండవ సంగతి మా ఇంటిది. పదమూడేండ్ల ముసలి ఆడపిల్లికి మూత్రపిండములు చెడినవి. మొదట సెలైనుతో, మందులతో, తగిన ఆహారముతో కొన్ని నెలలు బాగుగనే గడిచినవి. తరువాత అది తినుట మానినది. ఒడలు నాకికొనుట మానినది. నీటి తొట్టి ప్రక్కనే తల వాల్చి పడియుండెడిది. ఇతరుల పిల్లి అయిన యెడల ఏమి చెప్పవలెనో నాకు తెలియును. అయినను "రేపు చూతము, రేపు చూతము" అని నాలుగు దినములు గడిపినాను. చివరకు మా అమ్మ, "నీకు వైద్యము తెలియును గదా, దానికెందుకురా ఈ శిక్ష?" అన్నది. ఆ నాలుగు దినములు ఆ పిల్లి కొరకు కాదు, నా కొరకు గడిపినవి.

ఆ రైతు మానెడి జబ్బునకు ఆశ వదలుకొనినాడు. నేను మానని జబ్బునకు ఆశ వదలుకొనలేకపోయినాను. రెండు చోట్లను కష్టపడినది పిల్లియే. కనుక నిర్ణయించుటకు ఒక క్రమము కావలెను.

మొదట, ఆలోచన పనికిరాని సమయములు తెలిసికొనవలెను. ఈ క్రింది గుర్తులు కనబడిన వెంటనే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను.

1. గండుపిల్లి మాటిమాటికి ముక్కుచు, మూత్రము చుక్కయైనను రాకుండుట. ఇట్టి పిల్లి రెండు మూడు దినములలో చనిపోవచ్చును.
2. కుక్కవలె నోరు తెరచి ఊపిరి తీయుట.
3. వెనుక కాళ్ళు హఠాత్తుగా పడిపోయి, చల్లబడి, పిల్లి అరచుట.
4. విషము తిన్నదన్న అనుమానము, వణకు, మూర్ఛ.

విషమును గురించి రైతులు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఏలనగా ఆ మందులు మన ఇండ్లలోనే ఉన్నవి. ఎలుకలకు పెట్టు జింక్ ఫాస్ఫైడునకు విరుగుడు మందు లేదు. లక్షణములను బట్టి చికిత్స చేయవలసినదే. దానిని తిన్న పిల్లి వాంతి నుండి విషవాయువు వచ్చును గనుక మీరును గాలి ఆడుచోట ఉండవలెను. బ్రోమాడియోలోన్ తిన్న పిల్లి రెండు మూడు దినములు బాగుగనే కనబడి, పిమ్మట లోపల రక్తము కారి నీరసించును. దీనికి విరుగుడు ఉన్నది. అది విటమిన్ కె1. కొన్ని వారములపాటు ఇవ్వవలెను. మందు తిన్న ఎలుకను తినుట వలన గూడ పిల్లికి ఈ విషము సోకవచ్చును. సైపర్‌మెత్రిన్, పెర్‌మెత్రిన్ వంటి పురుగుమందులను పేలు, గోమార్లు పోవునని పిల్లి ఒంటికి రాయరాదు. పిల్లికి అవి విషము. ఏ మందు అనుమానమున్నను దాని డబ్బాయో, పొట్లమో వైద్యునికి చూపవలెను. ఉప్పునీరు, నూనె పట్టించి కక్కించు ప్రయత్నము చేయరాదు.

మనుష్యుల మందులు గూడ ఇవ్వరాదు. మనము జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ మాత్రను పిల్లి కాలేయము విరిచివేయలేదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలును దాని ప్రాణము తీయుటకు. దయతో ఇచ్చిన మాత్రతో చనిపోయిన పిల్లులు కలవు.

పిల్లి తన బాధను దాచుకొను జంతువు. అటకమీదనో, గాదె వెనుకనో నక్కుట, వెండ్రుకలు అట్టకట్టుట, తిండి మానుట, ఇవే అది చెప్పెడి మాటలు. రెండు మూడు దినములు ఏమియు తినని పిల్లికి, అందును లావుపాటి పిల్లికి, కాలేయములో క్రొవ్వు చేరి అదియే వేరొక జబ్బగును. కాబట్టి "ఆకలైన అదే తినును" అని ఊరకుండరాదు.

ఇక వైద్యుని వద్ద మీరు అడుగవలసిన ప్రశ్నలు మూడు.

మొదటి ప్రశ్న: ఇది మానెడి జబ్బా, అదుపులో ఉండెడిదా, మాననిదా? మూత్రనాళము పూడుట, పిల్లకూనలకు వచ్చు విరేచనాల వైరసు జబ్బు, అనేక విషములు వేళకు చికిత్స జరిగిన మానవచ్చును. ముసలి పిల్లికి దీర్ఘకాలముగా చెడిన మూత్రపిండములు మానవు. కాని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి అదుపులో ఉండును. వైద్యునికి తెలిసినది మారుచుండును గనుక పాతమాటలను నమ్ముకొనరాదు. పొట్టలో నీరుచేరి పిల్లులను చంపెడి ఒక కరోనా వైరసు జబ్బు, ఎఫ్.ఐ.పి. అనునది, చాలకాలము మరణశాసనముగా ఉండెను. 2019లో అమెరికాలో నీల్స్ పెడర్సన్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 31 పిల్లులకు పన్నెండు వారములు ఒక క్రొత్త మందు వాడి చూడగా, వారు ఫలితములు ప్రకటించునాటికి 24 పిల్లులు ఆరోగ్యముగా ఉన్నవి.

రెండవ ప్రశ్న: ఈ చికిత్సలో పిల్లి పడవలసిన కష్టమెంత, ఇంటివద్ద మేము చేయవలసిన పని ఎంత? దినమునకు రెండుమార్లు మాత్ర మ్రింగించుట, చర్మము క్రింద సెలైను ఎక్కించుట చెప్పినంత సులువు కాదు. నాట్లు, కోతలు సాగు దినములలో ఇంటిలో ఎవరు చేయుదురో ముందే అనుకొనవలెను.

మూడవ ప్రశ్న: మొత్తము ఖర్చు ఎంత కావచ్చును, ఎన్ని దినములలో గుణము కనబడవలెను? ఖర్చు అడుగుటకు సిగ్గుపడరాదు. లోభిని "పిల్లికి బిచ్చము పెట్టనివాడు" అందురు గాని, పిల్లల ఫీజు ప్రక్కన పెట్టి అప్పుచేయలేనివాడు లోభి కాడు. మీ శక్తిని ఉన్నదున్నట్లు చెప్పిన యెడల వైద్యుడు దానికి తగిన మార్గము చూపగలడు. మూడు దినములు చికిత్స చేసి, తినుట మొదలుపెట్టనిచో మరల ఆలోచింతమని గడువు పెట్టుకొనుట మంచి పద్ధతి. గడువు లేని ఆశ నావలె "రేపు చూతము" అనిపించును.

మానని జబ్బయినప్పుడు ఇంటి కేలండరును ఉపయోగించుకొనుడు. నీటివంతులు గుర్తుపెట్టుకొన్నట్లే, పిల్లి తిని, ఒడలు నాకికొని, పిలిచిన తలయెత్తిన దినమునకు ఒక గుర్తు, లేని దినమునకు వేరొక గుర్తు పెట్టుడు. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలలోబోస్ ఇందుకు ఏడు అంశములు సూచించినారు: నొప్పి లేకుండుట, ఆకలి, ఒంటిలో తగినంత నీరు, శుభ్రత, ఉల్లాసము, కదలిక, చెడు దినములకంటె మంచి దినములు ఎక్కువగా ఉండుట. చెడు దినములే ఎక్కువైన, అది మీ పిల్లి ఇచ్చిన జవాబు.

అప్పుడు వైద్యుని చేత సూదిమందుతో బాధలేని మరణము ఇప్పించవచ్చును. మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇత్తురు. పిల్లి మొదట స్మృతి తప్పును, పిదప గుండె ఆగును. కన్నులు తెరచియే ఉండవచ్చును, దానికి భయపడనక్కరలేదు. మీరు ప్రక్కన ఉండి నిమిరిన మంచిది. కళేబరములో మందు నిలిచియుండును గనుక, కుక్కలు, పక్షులు తవ్వకుండ, నూతికి దూరముగా లోతుగా పాతిపెట్టవలెను. ఇది పాపమని కొందరు భావింతురు. అట్టివారు నొప్పి తగ్గించు మందులు అడిగి, మెత్తని చోట ఉంచి, దగ్గర ఉండి సాగనంపవచ్చును. కాని కాలువగట్టున వదలుట ఈ రెండింటిలోను చేరదు. ఆకలిదప్పులకు మాడునట్లు జంతువును వదలివేయుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము.

ఒక్క జబ్బు విషయములో మాత్రము ఈ లెక్కలేవియు లేవు. అది రేబిస్. గొంతు మారి, చొంగ కార్చుచు, కారణము లేక మీదబడు పిల్లిని పట్టుకొనరాదు, వైద్యునికి తెలుపవలెను. లక్షణములు కనబడిన పిమ్మట దానికి చికిత్స లేదు. కరచినను, రక్కినను పుండును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టవలెను. పిల్లికి మూడు నెలల వయస్సున రేబిస్ టీకా వేయించిన ఈ భయము చాలవరకు తగ్గును.

మీ గ్రామ పశువైద్యశాలలో కాని పనికి తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు కలవు. పోవునప్పుడు పిల్లిని గోనెసంచిలో కాక, గాలి ఆడునట్టి మూత బుట్టలో, పాతబట్ట పరచి తీసికొనిపోవలెను.

ఆ రైతు ఆ మరుసటి సంవత్సరము గిత్తకు మందు కొరకు వచ్చినాడు. పిల్లి ఎట్లున్నదని అడిగినాను. "గాదె మీదనే పడుకొనుచున్నదండి" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు మా ముసలి పిల్లి గుర్తుకు వచ్చినది. దానిని బ్రతికించుట నా చేతిలో లేదు. ఆ నాలుగు దినములు తప్పించుట మాత్రము నా చేతిలోనే ఉండెను. మీ ఇంట అట్టి సమయము వచ్చినప్పుడు, వైద్యుని ఆ మూడు ప్రశ్నలు అడుగుడు. ఆ దినమే అడుగుడు.