తాళం చెవి మీ చేతిలో ఉండాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం యువజన సభలో ఒక గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు నన్ను పిలిచారు. థింసా గురించి, కందికొత్త పండుగ గురించి నాకంటే బాగా చెప్పే పెద్దలు ఇక్కడే కూర్చున్నారు. నేను హాస్టల్ మనిషిని. నాకు తెలిసింది పిల్లలు, బియ్యం లెక్క, స్టాకు రిజిస్టరు. అందుకని ఈరోజు ఒక గది గురించి చెబుతాను. కంప్యూటర్ గది గురించి. చివరికి అది మన సంస్కృతి దగ్గరికే వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

కొన్నేళ్ల క్రితం మా హాస్టల్‌కు ఆరు కంప్యూటర్లు వచ్చాయి. వాటిని ఒక గదిలో పెట్టించి, స్టాకు రిజిస్టరులో రాసి, పాత దుప్పట్లు కప్పి తాళం వేశాను. ఎందుకో నిజం చెబుతాను. నాకు భయం. ఒక్కటి పాడైనా నా జీతంలోంచి కడతారేమోనని భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్నే గాని నాకు కంప్యూటర్ ఆన్ చేయడం రాదు. పిల్లల ముందు ఆ సంగతి బయటపడితే చిన్నతనం కదా!

ఆరో తరగతి పిల్ల ఒకతి అడిగేది, "అమ్మా, ఆ గదిలో ఏటున్నాది? ఎప్పుడూ తాళమే ఏస్తారు" అని. "సామాన్లు" అనేదాన్ని.

2018లో మా దగ్గర పదో తరగతి మంచి మార్కులతో పాసైన అమ్మాయి ఒకతి పాలిసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది. సీటు కోసం కాలేజీల పేర్లు వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. వెబ్ ఆప్షన్లు అంటారు. తండ్రి ఆమెను తీసుకుని కొండ దిగి, బస్సెక్కి, టౌనులో ఒక నెట్ షాపుకి వెళ్లాడు. షాపులో రద్దీ. అక్కడి కుర్రాడు తొందరలో తనకు తోచిన కాలేజీలు తనే పెట్టేశాడు. ఫోన్ నంబరు దగ్గర కూడా తన నంబరే ఇచ్చాడు, ఎందుకంటే వీళ్ల దగ్గర ఫోన్ లేదు. ఓటీపీ అతనికే వచ్చింది, తర్వాత మెసేజీలూ అతనికే వెళ్లాయి. సీటు ఎక్కడో దూరపు జిల్లాలో వచ్చింది. ఆ సంగతి వీళ్లకు తెలిసేసరికి చేరాల్సిన గడువు దాటింది. ఆ ఏడాదంతా ఆ పిల్ల జీడితోటలో పనికి వెళ్లింది. మరుసటి ఏడు ఇంటర్‌లో చేరింది. కానీ పోయిన ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?

ఆ కుర్రాడిని తిట్టాలని మొదట అనిపించింది. తర్వాత నా నడుముకున్న తాళం చెవుల గుత్తి చూసుకున్నాను. ఆ పిల్ల ఐదేళ్లు నిద్రపోయిన గదికి నాలుగు గోడల అవతలే ఆరు కంప్యూటర్లున్నాయి. దుప్పటి కప్పి తాళం వేసింది నేనే.

ఆ వేసవిలో నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్పింది ఎవరనుకున్నారు? మా హాస్టల్లోనే చదివి డిగ్రీలో ఉన్న ఒక అమ్మాయి. "అమ్మా, మౌసుని అంత గట్టిగా పట్టుకోకండి, పారిపోదు" అనేది. నలభై దగ్గర పడుతుండగా నా శిష్యురాలికే శిష్యురాలినయ్యాను. చిన్నతనం ఏమీ అవలేదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఊరుమ్మడి కంప్యూటర్ గది అనేది కొత్త ఆలోచన కాదు. మనకంటే ముందు చేసినవాళ్లున్నారు. వాళ్ల నుంచి మంచీ నేర్చుకోవచ్చు, తప్పూ నేర్చుకోవచ్చు.

1999 జనవరిలో ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా అనే శాస్త్రవేత్త తన ఆఫీసు గోడకు కన్నం పెట్టించి, పక్క బస్తీ పిల్లలకు అందేలా ఒక కంప్యూటర్ అమర్చారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. మన పిల్లలకు రాదు అనేవాళ్లకు అదే జవాబు. కానీ అలాంటి గోడ కంప్యూటర్లు తర్వాత పెట్టిన కొన్నిచోట్ల ఇంకో సంగతి బయటపడింది. పెద్ద మగపిల్లలు ముందు నిలబడ్డారు, ఆడపిల్లలు వెనక్కి జరిగారు. చూసుకునే మనిషి లేక కొన్ని మూలపడ్డాయి.

2000లో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో జ్ఞానదూత్ మొదలైంది. ధార్ కూడా మనలాంటి ఆదివాసీ ప్రాంతమే. ఊళ్లోని చదువుకున్న కుర్రాళ్లే కేంద్రాలు నడిపారు. సంత ధరలు, భూమి కాగితాలు, అర్జీలు అక్కడే. ప్రపంచమంతా మెచ్చుకుంది, స్టాక్‌హోమ్‌లో అవార్డు కూడా వచ్చింది. అయితే కరెంటు సరిగా లేక, లైన్లు పనిచేయక చాలా కేంద్రాలు తర్వాత నీరసపడ్డాయి.

2002లో కేరళలోని మలప్పురం జిల్లాలో అక్షయ కేంద్రాలు పెట్టారు. ప్రతి ఇంటి నుంచి కనీసం ఒక్కరికి కంప్యూటర్ నేర్పాలి అన్నది వాళ్ల లెక్క. అమ్మలు, అమ్మమ్మలు కూడా వచ్చి కూర్చున్నారు. తర్వాత 2017లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన డిజిటల్ సాక్షరత పథకంలో కూడా అదే లెక్క, ఇంటికొకరు, ఇరవై గంటల శిక్షణ.

ఈ మూడింటినీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. పెట్టె ఉంటే చాలదు. దాన్ని నడిపే మన మనిషి ఉండాలి. కరెంటు, నెట్ పోయినా ఆగని ఏర్పాటు ఉండాలి. ఆడపిల్లలకు విడిగా సమయం ఉండాలి.

నెట్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్లు ఎంత చీకట్లో ఉన్నాయో చూశారు. 2020 మార్చిలో కరోనాకి హాస్టళ్లు మూసేసి పిల్లల్ని ఇళ్లకు పంపినప్పుడు సంగతి ఇంకా బాగా తెలిసింది. పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి, ఫోన్లలో వచ్చాయి. టీవీ లేని ఇల్లు, సిగ్నల్ లేని గూడెం ఏం చేయాలి? మా పిల్లలు కొందరు సిగ్నల్ దొరికే చింతచెట్టు దాకా నడిచి వెళ్లేవాళ్లు. ఒక్క ఫోను, అది కూడా అన్నది. అన్న పనికి వెళ్తే పాఠం కూడా పనికి వెళ్లినట్టే. మళ్లీ హాస్టల్ తెరిచాక చూస్తే కొందరు కూడికలు కూడా మరిచిపోయారు.

అందుకే మా గదిలో ఇప్పుడు నెట్ లేకుండా నడిచే పద్ధతి పెట్టుకున్నాం. ఒక కంప్యూటర్లో పాఠాలన్నీ ముందే దింపి ఉంచుతాం. చిన్న వైఫై పెట్టె ద్వారా మిగతావి దాని నుంచే తీసుకుంటాయి. కొలిబ్రి అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇలాంటి చోట్ల కోసమే తయారైంది. కివిక్స్ అని ఇంకోటి ఉంది, దాంతో వికీపీడియా మొత్తాన్ని నెట్ లేకుండా చదవొచ్చు. 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియా కూడా అందులో ఉంది. దీక్షా పాఠాలు నెట్ ఉన్నచోట దింపుకుని తెచ్చుకోవచ్చు. పాత కంప్యూటర్లయితే లినక్స్ వేసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు, బరువు తక్కువ. ఇదంతా నాకు వచ్చిందంటే మీకు రాకపోవడమేమిటి?

ఆదివారాలు పై అధికారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకూ గది తెరుస్తున్నాం. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరు, అరగంట ఒకరిది మౌసు, అరగంట ఇంకొకరిది. పొద్దున్న ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు, చీకటి పడకముందే ఇంటికి. ఆరింటిలో ఇప్పుడు నాలుగే పనిచేస్తున్నాయి. ఒకదాని వైరు ఎలుకలు కొరికాయి. అది కూడా రిజిస్టరులో రాశాను. ఎవరూ నా జీతం కోయలేదు.

మొదట ఏం నేర్పుతామో చెబుతాను. తెలుగులో టైపు చేయడం. సొంత ఈమెయిలు. డిజిలాకర్‌లో సర్టిఫికెట్లు ఎలా ఉంటాయో చూడటం. దరఖాస్తు తనే నింపి, కులం, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు మూడుసార్లు సరిచూసుకుని, కాగితం తీసి దాచుకోవడం. ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం. ఇంట్లో ఫోన్ లేకపోతే ఎవరి నంబరు ఇస్తున్నామో రాసిపెట్టుకోవడం. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. వీటి దగ్గరే ఒక ఏడాది జీవితం పోయింది.

ఆ తర్వాత పెద్ద చదువులు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్, 2017లో మొదలైన స్వయం, వీటిలో ఉచితంగా పాఠాలు వినొచ్చు. ఒక మాట మాత్రం దాచను. వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఒంటరిగా కూర్చుంటే వారం తిరక్కుండా వదిలేస్తారు. నలుగురు కలిసి వినండి, ఆపి ఆపి తెలుగులో, సవరలో, కువిలో చర్చించుకోండి. అప్పుడు నిలుస్తుంది. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడికి వెళ్లిన మన పిల్లలు మొదటి నెలలో వెనకబడేది తెలివి తక్కువై కాదు. పక్కవాడు పదేళ్లుగా ముట్టుకుంటున్న కీబోర్డును వీళ్లు అప్పుడే ముట్టుకుంటున్నారు కాబట్టి.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. కంప్యూటర్ వచ్చింది కదా, ఇక మీ కొండ మీద బడికి టీచరు ఎందుకు అని రేపు ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాఠం తెర మీద వస్తుంది గాని, పిల్ల ఎందుకు ఏడుస్తోందో, నిన్న ఎందుకు బడికి రాలేదో తెరకు తెలియదు. టీచరు ఉండాలి. ఆమెకు తోడుగా ఈ గది ఉండాలి.

ఇప్పుడు సంస్కృతి దగ్గరికి వస్తాను. కంప్యూటర్ వస్తే మన భాష పోతుందని కొందరు పెద్దల బాధ. మాది జాతాపు కుటుంబం. మా నాయనమ్మ మాట్లాడిన కువి నాకు సగమే వచ్చు, నా పిల్లలకు అసలు రాదు. అది కంప్యూటర్ వల్ల పోలేదు. అది రాకముందే పోయింది, బడిలో ఆ మాట మాట్లాడితే నవ్వారు కాబట్టి పోయింది.

మన ప్రాంతంలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అదే కాలంలో, 1936లో, మంగయి గొమాంగో సవరలకు సొంత లిపి ఇచ్చారు, సొరంగ్ సొంపెంగ్. ఆ అక్షరాలను కొలిచే ఇళ్లు మనలో ఇప్పటికీ ఉన్నాయి. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఏ కంప్యూటర్లోనైనా ఆ అక్షరాలకు చోటు ఉందన్నమాట. సవర మాటలను గొంతుతో వినిపించే నిఘంటువు కూడా నెట్‌లో ఉంది.

చోటు ఉంది. దాన్ని నింపేది ఎవరు? గిడుగు వారికి సవర మాటలు సేకరించడానికి ఏళ్లు పట్టింది. మీ జేబులో ఉన్న ఫోనుతో మీ అమ్మమ్మ చెప్పే విత్తనాల పేర్లు, ఆకుమందుల పేర్లు, పాటలు ఈ ఆదివారమే రికార్డు చేయొచ్చు. ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నవే చేయండి. కొన్ని పాటలు, కొన్ని మందులు బయటికి చెప్పేవి కావు, ఆ గౌరవం ఉంచండి. మా గదిలో ఇద్దరు సవర పిల్లలు తమ ఊరి విత్తనాల పేర్లతో చిన్న పుస్తకం టైపు చేశారు. సవర మాట, తెలుగు మాట, పక్కన వాళ్లు గీసిన బొమ్మ. టైపింగ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం నాకు తట్టలేదు.

చివరగా మిమ్మల్ని అడగాల్సింది ఒకటే. మీలో చాలామంది డిగ్రీలు, డిప్లొమాలు చేశారు, కొందరు విశాఖలో, హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు. డబ్బు ఇవ్వమనడం లేదు. ఇక్కడున్నవాళ్లు వారానికి రెండు గంటలు మీ దగ్గరి హాస్టల్లోనో, సచివాలయంలోనో, బడిలోనో కూర్చోండి. దూరంగా ఉన్నవాళ్లు పండక్కి వచ్చినప్పుడు ఒక పెన్‌డ్రైవ్ నిండా పాఠాలు దింపుకుని తెండి. మే, జూన్ నెలల్లో దరఖాస్తుల కాలం వస్తుంది. ఆ రెండు నెలలైనా మీ ఊరి పదో తరగతి పిల్లల పక్కన కూర్చుని ఫారం నింపించండి. మీరు నింపకండి. వాళ్లచేత నింపించండి.

మీ ఊళ్లోనూ ఎక్కడో ఒక గది తాళం వేసి ఉండే ఉంటుంది. లోపల దుప్పటి కింద కంప్యూటర్లు ఉండే ఉంటాయి. దాని తాళం చెవి పట్టుకున్న మనిషి చెడ్డది కాకపోవచ్చు. నాలాగే భయపడుతూ ఉండొచ్చు. వెళ్లి అడగండి, గౌరవంగా అడగండి, పాడవకుండా మేం చూసుకుంటామని మాటివ్వండి. ఒకసారి కాదంటే మళ్లీ వెళ్లండి. "ఆ గదిలో ఏటున్నాదమ్మా" అని ఆ ఆరో తరగతి పిల్ల నన్ను అడుగుతూనే ఉంది కాబట్టే ఈరోజు ఇక్కడ నిలబడి ఈ నాలుగు మాటలు చెప్పగలిగాను.

ఆ పిల్ల ఇప్పుడు ఆదివారాలు మా గదికి వచ్చి చిన్నపిల్లలకు నేర్పుతోంది. తాళం చెవి ఆమె దగ్గరే ఉంటుంది.

సెలవు. జై ఆదివాసీ.