తలనొప్పే కదా అని ఊరుకోకండి

(మండల సమాఖ్య మహాజన సభలో మా సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



పోయినసారి మేము అప్పుల వసూళ్ల గురించి మాట్లాడాం. ఈసారి తలనొప్పి గురించి అంటే కొందరు నవ్వారు. నవ్వండి, పర్లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఈ నెలలో ఒక్కసారైనా కొంగు తలకు బిగించి కట్టుకోనివాళ్లు ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి.

మన పనులే అట్లాంటివి. తునికాకు సీజన్లో కోడి కూయకముందే అడవికి పోతాం, కడుపులో ఏమీ ఉండదు. వచ్చి మళ్లీ యాభై ఆకుల కట్టలు కడుతూ కూర్చుంటాం. మిర్చి కోతలకు పోతే ఎండ ఒకవైపు, ఘాటు ఒకవైపు. నీళ్లు తాగితే మాటిమాటికి చాటుకు పోవాలని నీళ్లే తాగం. ఇంటికొస్తే పొయ్యి పొగ. ఇన్ని పెట్టుకొని తల ఎందుకు నొస్తుందని అడుగుతాం.

కానీ అన్ని తలనొప్పులూ ఒకటి కాదు. తలకు ఒకవైపే సమ్మెటతో కొట్టినట్టు పోటు, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, పిల్లలు మాట్లాడినా చిరాకు, ఇది పార్శ్వపు నొప్పి. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు మూడింతలు ఎక్కువ, ముట్టు దగ్గర పడ్డప్పుడు ఇంకా ఎక్కువ. అత్తలు "పని తప్పించుకోవడానికి పడుకుంది" అంటారు. మేము కూడా ఒకప్పుడు మా సభ్యురాలిని అట్లనే అనుకున్నాం, తప్పే.

మన ఇళ్లల్లో శొంఠి అరగదీసి పట్టు వేస్తాం, వావిలాకు ఆవిరి పడతాం. అమృతాంజనం ఉండనే ఉంది. 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టింది మన తెలుగాయనే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఇవి హాయినిస్తాయి, కాదనం. భయమంతా కిరాణా కొట్టు బిళ్లలతోటే. నెలలో పది పదిహేను రోజులు నొప్పి బిళ్ల మింగితే ఆ బిళ్లలే మళ్లీ తలనొప్పి తెస్తాయని ట్రైనింగులో డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. నొప్పికి బిళ్ల, బిళ్లకు నొప్పి, వడ్డీకి వడ్డీ లాగా.

ఇక చైనా వైద్యం సంగతి. మా సంఘంలో ఒక అక్క సూదుల వైద్యానికని ఐదు వేలు అప్పు అడిగింది. సన్నటి సూదులు ఒంట్లో అక్కడక్కడ గుచ్చుతారు, దాన్ని ఆక్యుపంక్చర్ అంటారు. చైనా వాళ్లు కాలేయం వేడి తలకెక్కితే పోటు వస్తుందంటారు. మా అమ్మమ్మ పైత్యం తలకెక్కింది అనేది. ఎవరికి వారు అట్లనే అర్థం చేసుకున్నారు. 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు చైనా యుద్ధంలో సేవ చేయడానికి పోయారు. వాళ్లలో బసు గారనే బెంగాలీ డాక్టరే 1959లో ఈ సూదుల వైద్యాన్ని కలకత్తాకు తెచ్చారు.

అప్పు ఇవ్వాలా వద్దా అని రెండు మీటింగులు గొడవ. చివరికి డాక్టరమ్మను అడిగాం. ఆమె చెప్పింది ఇది: చాలా దేశాల్లో వేల మందిని పెట్టి చూశారు. నెలకు ఆరు రోజులు మైగ్రేన్ వచ్చేవాళ్లకు సూదులతో మూడున్నర రోజులకు తగ్గింది. ఉత్తుత్తిగా గుచ్చినవాళ్లకు కూడా నాలుగు రోజులకు తగ్గింది! అంటే కొంత మేలు ఉంది, మంత్రం మాత్రం కాదు. అక్క పోయింది, పది సార్లు పెట్టించుకుంది. ఇప్పుడు నొప్పి తక్కువసార్లు వస్తుందంటది. సూదుల వల్లనో, బిళ్లలు మానినందుకో, పొద్దున్నే ఇంత తిని పనికి పోతున్నందుకో మేము చెప్పలేం. మీరెవరైనా పోతే కొత్త సూదుల ప్యాకెట్టు మీ ముందరే విప్పమని అడగండి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్ల జబ్బు అంటుతుంది.

బొటనవేలికి, చూపుడువేలికి మధ్య కండను నొక్కడం కూడా చైనా వాళ్లదే. ఖర్చు లేదు, నొక్కుకోవచ్చు. కానీ కడుపుతో ఉన్నవాళ్లకు అక్కడ నొక్కొద్దని వాళ్లే అంటారు.

కడుపుతో ఉన్నవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఈ సంగతి చెప్పాలి. చెప్పడానికి మాకు నోరు రావడం లేదు. మా సభ్యురాలి కోడలికి ఎనిమిదో నెల. తలనొప్పి అంది. మేమే శొంఠి పట్టు వేశాం, మేమే బామ్ రాశాం, పడుకోమన్నాం. రెండో రోజు కళ్లు మసకగా ఉన్నాయంది, ముఖం ఉబ్బింది. నీరసం అనుకున్నాం. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. 108 వచ్చేసరికి, వాగు దాటి పెద్ద దవాఖానకు చేరేసరికి తెల్లారింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. బీపీ పెరిగిందన్నారు. మొదటి రోజే బీపీ చూసి ఉంటే అని మేమందరం ఏడ్చాం. ఆ పిల్ల ఇప్పటికీ మా ముఖం చూసి ఒక్క మాట అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

అందుకే అక్కా, ఐదో నెల దాటినవాళ్లు తల నొస్తుందంటే ముందు బీపీ చూపించాలి, 140కి 90 దాటితే ఆగొద్దు. చలి జ్వరంతో తలనొప్పి అయితే మన అడవి ఊళ్లలో మలేరియా అయ్యుండొచ్చు, ఆశా దగ్గర రక్తం చూపించుకోవాలి. జ్వరంతో మెడ వంగకపోయినా, కాలూ చెయ్యీ పడిపోయినా, మాట తడబడినా, ఎన్నడూ లేని నొప్పి ఒక్కసారిగా పిడుగులా వచ్చినా 108కి ఫోన్ చేయాలి. అప్పుడు శొంఠీ వద్దు, సూదులూ వద్దు.

మా గ్రామ సంఘం పొదుపులోంచి బీపీ మిషన్ కొన్నాం. సంఘంలో ముగ్గురం చూడడం నేర్చుకున్నాం. మిషన్ వీఓ ఆఫీసు బీరువాలో ఉంటది, తాళం మాత్రం మా ఇంట్లోనే ఉంటది, ఎందుకంటే ఆఫీసు సాయంత్రం ఐదుకే మూసేస్తారు. రాత్రి ఎన్ని గంటలకైనా తలుపు కొట్టండి.