చిటికెడుప్పు, పిడికెడు బెల్లము



బీదదేశములలో ప్రజలు రోగములచేత చనిపోవుచున్నారని మనము సాధారణముగా చెప్పుకొందుము. ఆ మాట సగమే నిజము. రోగము ధనికదేశములకును వచ్చును. కాని అచ్చట మందు రోగికి చేరువలోనే యుండును. బీదదేశములో రోగియే మందును వెదకికొనుచు బయలుదేరవలెను. ఆ దారిలోనే పెక్కు ప్రాణములు పోవుచున్నవి. మందును కనిపెట్టుట యొక పని. దానిని పూరిగుడిసెలోని తల్లిచేతికి అందించుట మఱియొక పని. ఈ రెండవ పని యెంత కష్టమైనదో, పట్టుదల యున్నచో అది యెట్లు నెరవేరునో తెలిసికొనుటకు మన పొరుగుదేశమగు బంగ్లాదేశము మంచి యుదాహరణము. నేడు ఆ వృత్తాంతమును మీకు మనవి చేసెదను.

విరేచనములవలన మనుష్యుడేల చనిపోవునో మొదట విచారింతము. విరేచనములు, వాంతులు అధికమైనపుడు దేహములోని నీరును, ఆ నీటితోపాటు లవణములును బయటికి పోవును. రక్తము చిక్కబడును, నాడి క్షీణించును. కలరా తీవ్రముగా సోకినవానికి కొన్ని గంటలలోనే ప్రాణాపాయము సంభవింపవచ్చును. పసిబిడ్డల దేహములో నిలువనీరు తక్కువ గనుక వారికి ముప్పు మఱింత త్వరగా వచ్చును. కావున చికిత్సలో ముఖ్యమైన దొక్కటే: పోయిన నీటిని, ఉప్పును వెంటనే తిరిగి యిచ్చుట.

చాలకాలమువఱకు దీనికి వైద్యులెఱిగిన మార్గము సూదితో నరములోనికి ఉప్పునీరు ఎక్కించుట. అది ప్రాణదాయకమైన చికిత్సయే. కాని దానికి శుద్ధిచేసిన సీసాలు కావలెను, సూదులు కావలెను, వానిని వాడనేర్చినవారు కావలెను. నదులు, కాలువలు అడుగడుగున అడ్డము వచ్చు తూర్పుబెంగాలు పల్లెలలో, వానకాలమున పడవ లేనిదే పొరుగూరికి పోలేని చోట, ఈ సామగ్రి యెక్కడినుండి వచ్చును?

నోటితో నీరు త్రాగించిన చాలదా యని మీరడుగవచ్చును. వట్టి నీరుగాని, వట్టి ఉప్పునీరుగాని త్రాగించినచో ప్రేగులు దానిని చాలినంత పీల్చుకొనవు. కాని ఉప్పుతోపాటు తగుపాళ్ళలో చక్కెరజాతి పదార్థమున్నచో రెండును కలిసి ప్రేగుగోడనుండి లోనికి పోవును. వాని వెంట నీరును పోవును. కలరా ఎంత తీవ్రముగా నున్నను ఈ యొక్క ద్వారము మూతపడదు. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ ఛటర్జీ నోటిద్వారా ఇచ్చు ఇట్టి ద్రావణమును గూర్చి ప్రకటించెను. 1960లో ఢాకాలో కలరా పరిశోధనాలయము నెలకొల్పబడెను. 1968లో అచ్చట డేవిడ్ నేలిన్, రిచర్డ్ కాష్ అను వైద్యులు, నోటిద్రావణముచేత నరములోనికి ఎక్కింపవలసిన ఉప్పునీటి యక్కర మిక్కిలి తగ్గునని కలరా రోగులయందు పరీక్షించి నిరూపించిరి.

1971లో యుద్ధము వచ్చెను. సుమారు 1 కోటి జనులు తూర్పుబెంగాలు విడిచి భారతదేశమునకు శరణార్థులై వచ్చిరి. శిబిరములలో కలరా చెలరేగెను. సరిహద్దునందలి బనగావ్ ఆసుపత్రిలో మంచములు చాలక రోగులు నేలమీదనే పడియుండిరి. నరములోనికి ఎక్కించు ఉప్పునీరు తఱిగిపోయెను. అపుడు డాక్టరు దిలీప్ మహలనాబిస్ సాహసించి, ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లములను కలకత్తాలో కట్టించి తెప్పించి, నీటిలో కరగించి పీపాలలో నిలువచేయించెను. రోగుల బంధువులే గ్లాసులతో పట్టుకొనిపోయి త్రాగించిరి. అంతకుముందు నూటికి ఇరువది ముప్పదిమంది చనిపోవుచున్న చోట, ఈ చికిత్స పొందినవారిలో మరణములు నూటికి నాలుగింటికి లోబడెను. ఆ వైద్యుడు 2022లో స్వర్గస్థుడయ్యెను. 2023లో భారత ప్రభుత్వము ఆయన పేర పద్మవిభూషణ బిరుదము ప్రకటించెను.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. బనగావ్‌లో పరిచారికలుగా పనిచేసినవారు చదువుకొన్న నర్సులు గారు. తల్లులు, అన్నలు, అల్లుండ్రు. వైద్యము బంధువులచేతిలో పెట్టదగినదని ఆ విపత్తు లోకమునకు నేర్పెను.

అయినను శిబిరము వేఱు, దేశము వేఱు. స్వతంత్రమైన బంగ్లాదేశములో పల్లెపల్లెకు పొట్లములు పంపుటకు కర్మాగారములును లేవు, దారులును లేవు. 1972లో ఫజ్లే హసన్ అబెద్ అనునతడు స్థాపించిన బ్రాక్ అను సేవాసంస్థవారు వేఱొక యుపాయమాలోచించిరి. పొట్లము లేకున్ననేమి? ఉప్పు ప్రతి యింటను కలదు, బెల్లమును కలదు. మూడువ్రేళ్ళ చిటికెడుప్పు, ఒక పిడికెడు బెల్లము, అర్ధశేరు నీరు: ఈ కొలతను తల్లులకు నేర్పినచో మందు ప్రతి వంటయింటను పుట్టును. 1979లో సుల్లా ప్రాంతములో దీనిని పరీక్షించి, 1980లో విస్తృతముగా ప్రారంభించిరి. స్త్రీలైన కార్యకర్తలు ఊరూర నడచి, ఇంటింట కూర్చుండి, తల్లులచేతనే కలిపించి చూపిరి.

ఉపన్యాసము చెప్పి వచ్చుటతో పని తీరినదని వారు తలపలేదు. కొన్నినాళ్ళకు వేఱొక ఉద్యోగి ఆ యూరికి పోయి, కొందఱు తల్లుల నెన్నుకొని, నేర్పిన యంశములలో ఎన్ని జ్ఞాపకమున్నవో అడిగి, వారిచేత ద్రావణము కలిపించి, దాని నమూనాలో ఉప్పుపాలు సరిగానున్నదో లేదో పరీక్షింపజేయును. ఉప్పు మితిమీరినచో బిడ్డకు హాని కలుగును గనుక ఈ పరీక్ష యత్యవసరము. తల్లికి ఎంత జ్ఞాపకమున్నదో దానినిబట్టియే కార్యకర్తకు ప్రతిఫలము. అనగా కూలి చెప్పినదానికి కాదు, వినినవారికి పట్టుబడినదానికి.

ఇంత చేసినను మొదట ఫలము తక్కువయ్యెను. తల్లులకు కొలత తెలిసెను; కాని బిడ్డకు జబ్బు చేసినపుడు వాడినవారు కొందఱే. కారణమేమని విచారింపగా రెండు లోపములు బయటపడెను. నేర్పువారికే ఆ మందునందు పూర్తి విశ్వాసము లేదు. తమకు విరేచనములు వచ్చినపుడు వారు వేఱుమందులు మ్రింగుచుండిరి. రెండవది, ఇంటి మగవారితో ఎవరును మాటలాడలేదు. అపుడు కార్యకర్తలను ఢాకాకు పంపి, ఆ ద్రావణము దేహములో నెట్లు పనిచేయునో నేర్పించిరి. అంగళ్ళలోను, పాఠశాలలలోను, మసీదులలోను పురుషులకును, పెద్దలకును బోధించిరి. తరువాతనే వాడుక పెరిగెను. 1990నాటికి సుమారు 1 కోటి 20 లక్షల యిండ్లకు ఈ విద్య చేరెను.

1970ప్రాంతమున ఆ దేశములో పుట్టిన బిడ్డలలో సుమారు అయిదింట నొకరు అయిదేండ్లు నిండకయే చనిపోవుచుండిరి. ఇపుడు ఆ సంఖ్య నూటికి మూడునకు దగ్గఱగా నున్నది. ఈ ఫలమంతయు ఉప్పుబెల్లములదే యనుట సరికాదు. టీకాలు, ఆడుపిల్లల చదువు, కుటుంబనియంత్రణము, తిండి మెఱుగుపడుట, ఇవియన్నియు తోడ్పడెను. కాని ధనము పెరుగువఱకు కనిపెట్టుకొని కూర్చుండనక్కఱలేదని మాత్రము ఆ దేశము ఋజువుచేసెను.

ఒక హెచ్చరికయు చెప్పవలసియున్నది. ఈ ద్రావణము ప్రాణము నిలుపునుగాని రోగమును రానీయకుండ చేయదు. దానికి మంచినీరు, మరుగుదొడ్డి, చేతులశుభ్రత కావలెను. ఆ దేశమువారు చెరువునీరు మానిపింపదలచి లక్షలకొలది గొట్టపుబావులు వేసిరి. ఉద్దేశము మంచిదే. కాని 1993లో ఆ బావులలో కొన్నింటి నీటియందు ఆర్సెనికము, అనగా పాషాణము, కలదని బయటపడెను. అప్పటికే ఎన్నో యేండ్లుగా జనులు దానిని త్రాగుచుండిరి. మేలుచేయు పనినైనను పరీక్షింపక విడువరాదని దీనివలన తెలియుచున్నది.

ఈ కథ ముగిసినది కాదు. నేటికిని లోకములో ఏటేట 4 లక్షలకు పైబడిన పసిబిడ్డలు విరేచనములచేత చనిపోవుచున్నారు. విరేచనములు పట్టిన బిడ్డలలో సగముమందికైనను ఈ ద్రావణము అందుటలేదు. మందు కొద్దిరూపాయలకే దొరకుచుండగా ఇట్లేల? 2024లో ప్రకటింపబడిన యొక పరిశోధన కర్ణాటక, బీహారు రాష్ట్రములలో 2,000 మందికి పైబడిన ప్రైవేటు వైద్యులను పరీక్షించెను. రోగులు దీనిని కోరరని తలచుటయే, వైద్యులు దీనిని వ్రాయకుండుటకు ముఖ్యకారణముగా కనబడెను. కోరి యడిగినవారికి ఎక్కువగా వ్రాసియిచ్చిరి. చౌకమందు మందే కాదని, సూదిగ్రుచ్చనిదే వైద్యము కాదని మనము తలచుచుండుటవలన వైద్యుడును మనకు నచ్చినదే యిచ్చుచున్నాడు.

కావున పెద్దలారా, మీ మాటకు గౌరవమున్న చోట ఈ నాలుగు సంగతులు చెప్పుడు. లంఖణము పరమౌషధమను సామెత ఇచ్చట చెల్లదు. విరేచనములు పట్టిన బిడ్డకు తల్లిపాలు, ఆహారము, నీరు మాన్పింపరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత శుభ్రమైన నీటిలో పూర్తిగా కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. పొట్లము దొరకనిచో 1 లీటరు నీటిలో చదునుగా తీసిన 6 చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు వేయవలెను; ఉప్పు అంతకు మించరాదు. దీనితో జింకు మాత్రలుకూడ 10 మొదలు 14 దినములవఱకు ఇచ్చుట మంచిది. వయస్సునుబట్టి మోతాదు ఆరోగ్యకేంద్రములో తెలిసికొనుడు. బిడ్డ త్రాగలేకపోయినను, మగతగా నున్నను, కన్నులు గుంటలు పడినను, విరేచనములో నెత్తురు కనబడినను ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆనాటి బంగ్లాదేశపు తల్లులలో పెక్కుమందికి అక్షరములు రాకుండెను. అయినను వారు కొలత నేర్చిరి, బిడ్డలను బ్రతికించుకొనిరి. వారికి నేర్పువారు నేర్పినదానిని తాము నమ్మినపుడు, ఇంటిపెద్దలు అడ్డుపడక తోడుపడినపుడు ఆ కార్యము నెరవేరెను. మీ యూరిలో ఎన్ని యిండ్లలో ఈ కొలత తెలియునో రేపే విచారింపుడు. తెలియని యిల్లు కనబడినచో, ఆ యింటి తల్లిచేతనే ఒకసారి కలిపించి చూడుడు.