మందుల సంచి విప్పి చూడండి

ఇవాళ పట్టాలు అందుకుంటున్న నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులకు నా అభినందనలు.

మీలో చాలామంది గోదావరిఖని, రామగుండం క్వార్టర్లలో పెరిగినవాళ్లు. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి బొగ్గు గని కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరున్నారు. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గెత్తిన తరం రిటైరైంది. దుమ్ముకు దెబ్బతిన్న ఊపిరితిత్తులు, డ్రిల్లింగ్ మోతకు మందగించిన చెవులు, అరిగిన మోకాళ్లు, వాటికి తోడు షుగర్, బీపీ. పిల్లలు దూరాన ఉంటే కొందరు వృద్ధాశ్రమాల్లో చేరుతున్నారు.

వాళ్ల మందుల సంచి ఒకసారి మంచం మీద గుమ్మరించండి. కత్తెరతో ముక్కలు చేసిన స్ట్రిప్పుల మీద పేరుగానీ, గడువు తేదీగానీ మిగలదు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉంటే రెండూ మింగుతుంటారు. బీపీకి వేసిన ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాయొచ్చు. ఆ వాపుకు నీరు పోయే మాత్ర ఇస్తారు. దాంతో రాత్రి పదేపదే లేచి, కళ్లు తిరిగి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ వేసుకుని అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ముసలితనమని సరిపెట్టుకునే మగతలో, మతిమరుపులో మందుల పాలు కూడా ఉంటుంది.

అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లో సంరక్షణ కేంద్రాల్లోని వృద్ధులకు తగని మందుల జాబితా తయారుచేశారు. సవరణలతో అది నేటికీ వాడుకలో ఉంది. మన 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం జిల్లాకు ఒక్క వృద్ధాశ్రమమైనా ఉండాలంటోంది. 2022లో రామగుండానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇన్ని ఉన్నా, రోజూ పక్కన నిలబడి మాత్ర అందించేది మీరే.

బొగ్గు బాయిలో పని మొదలయ్యేముందు మైనింగ్ సర్దార్ పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. కొత్త మందు ఇచ్చేముందు మీరూ పాతవన్నీ అలా పరీక్షించండి. ఏది ఎందుకు వాడుతున్నారో అడగండి. అవసరం తీరినదాన్ని డాక్టరుతో మాట్లాడి ఆపించండి. మీ అంతట మీరు ఆపొద్దు, కొన్నింటిని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. చెవి దగ్గర నెమ్మదిగా చెప్పండి, పెద్దక్షరాలతో రాసివ్వండి.

బాయి జీతాలతోనే మన ఇళ్లలో చదువులు సాగాయి. ఆ చదువు ముందుగా ఆ పెద్దలకే అక్కరకు రావాలి. ఇవాళ ఇంటికెళ్లగానే మీ తాత మందుల సంచితోనే మొదలుపెట్టండి.