చేయి దాటిన విమానం

ప్లాటినం జూబిలీ వైజ్ఞానిక సదస్సులో తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం



జూబిలీ ఉత్సవాల ఆలోచన మొదలైన నాడే కొందరు పూర్వ విద్యార్థులు ఒక ముచ్చట వెలిబుచ్చారు. రేడియో అదుపులో ఎగిరే చిన్న విమానాన్ని ఆటస్థలం మీదుగా నడిపి, వేదికపై పూలు కురిపించాలని వారి కోరిక. విజ్ఞానశాస్త్ర మండలి పిల్లలు బాల్సా చెక్కతోను, థర్మకోల్‌తోను తయారు చేసిన విమానం సిద్ధంగానే ఉన్నది. అయినప్పటికీ ఉపాధ్యాయ వర్గం సమ్మతించలేదు. పూలు చల్లే పని అయిదవ తరగతి బాలబాలికలకు అప్పగించడమైనది. పిల్లల ఉత్సాహంపై నీళ్లు చల్లారన్న మాట కూడ వినవచ్చింది. ఆ నిర్ణయానికి గల కారణాలను పెద్దల ముందుంచడమే ఈ ప్రసంగోద్దేశం. విమానం ఎగురవేయరాదని ఇక్కడ ఎవరూ చెప్పబోవడం లేదు. ఎక్కడ, ఏ విధంగా ఎగురవేయాలన్నదే ప్రశ్న.

ముందుగా ఒక చిన్న లెక్క. రెండు కిలోగ్రాముల బరువు గల నమూనా విమానం సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్నదనుకొందాము. అది గంటకు 72 కిలోమీటర్లు. ఈ తరహా విమానాలకు అసాధారణమైన వేగమేమీ కాదు. తొమ్మిదవ తరగతి పిల్లలు నేర్చిన సూత్రం ప్రకారం దాని గతిశక్తి 400 జౌళ్లు. అంటే ఆరేడు అంతస్తుల మేడ పైనుండి జారవిడిచిన రెండు కిలోల రాయి నేలను తాకేటప్పుడు ఎంత శక్తితో తాకునో, ఈ విమానం కూడ అంత శక్తితో తాకుతుంది. దానికి తోడు ముందు భాగాన గిరగిర తిరిగే ప్రొపెల్లర్ ఒకటి. 100 మీటర్ల ఆటస్థలాన్ని దాటడానికి దానికి పట్టే కాలం 5 సెకన్లు మాత్రమే. నడిపేవాడు తడబడి తేరుకొనడానికి 3 సెకన్లు తీసుకొన్నచో అది 60 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. బొమ్మ అన్న పేరు దీనికి తగినది కాదు.

ఇది ఊహించి భయపడుతున్న విషయం కాదు. 1979 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కులోని షే స్టేడియంలో ఫుట్‌బాల్ పోటీ విరామ సమయాన ప్రేక్షకుల వినోదం కోసం నమూనా విమానాల ప్రదర్శన ఏర్పాటు చేశారు. వానిలో పచ్చిక కోసే యంత్రం ఆకారంలో నిర్మించినది ఒకటి. అది అదుపు తప్పి ప్రేక్షకుల మధ్య పడింది. ఇద్దరికి దెబ్బలు తగిలాయి. వారిలో ఒకరు కొద్ది రోజులకే కన్ను మూశారు. నడిపినవారు అనుభవం లేనివారు కారు. జనసమూహం మధ్యలో, నలువైపుల ప్రేక్షకులున్న చోట ఎగురవేయడంలోనే ప్రమాదం దాగి ఉన్నది. విమానం ఎటు తిరిగినా ఎవరో ఒకరి తల పైకి పోవలసినదే. వేదిక మీదుగా విమానం నడపాలన్న ప్రతిపాదనకు ఉపాధ్యాయులు ఎందుకు జంకారో ఈ ఒక్క ఉదంతం చాలునని తోస్తున్నది.

ఇక ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు. తీగ లేకుండ దూరాన ఉన్న యంత్రాన్ని నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవతో ప్రదర్శించి చూపాడు. 1937 నాటికి అమెరికాలోని మిచిగన్ రాష్ట్రానికి చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 'గఫ్' అనే నమూనా విమానాన్ని రేడియో సహాయంతో ఎగురవేశారు. నేడది స్మిత్‌సోనియన్ సంస్థ వారి వైమానిక, అంతరిక్ష ప్రదర్శనశాల సేకరణలో భద్రంగా ఉన్నది. తొలినాళ్ల పరికరాలలో ఒక్కటే మీట ఉండేది. ఒకసారి నొక్కిన ఒకవైపు, రెండుసార్లు నొక్కిన మరొకవైపు చుక్కాని తిరిగేది. దానిని తిప్పే శక్తి మెలిపెట్టిన రబ్బరు పట్టీది. ఎన్నిసార్లు నొక్కినదీ మరచినవాని విమానం పొరుగూరి పొలాలకు పోయేది! ఇప్పుడు పిల్లల చేతికి వచ్చే పెట్టెలో ఆరేడు మార్గాలు ఉంటాయి. చుక్కాని, ఎలివేటరు, రెక్క అంచులు, మోటారు వేగం వేటికవి వేరుగా కదులుతాయి.

చేయి దాటడానికి కారణమేమి? రేడియో సంకేతం చెడిపోవడమే మొదటి కారణమని అందరూ అనుకొంటారు. ఒకప్పుడు ఆ మాట చాలవరకు నిజమే. అమెరికాలో 72 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 35 మెగాహెర్ట్జ్ తరంగాలపై విమానాలు నడిచేవి. ఒకే క్రిస్టల్ గల రెండు ట్రాన్స్‌మిటర్లు ఒకే మైదానంలో వెలిగినచో గాలిలో ఉన్న విమానం ఎవరి మాట వినాలో తెలియక కూలిపోయేది. అందుకొరకు మైదానంలో ఒక బోర్డు పెట్టి, బట్టలారవేసే క్లిప్పు వంటి గుర్తును ఎవరి సంఖ్య వద్ద వారు తీసుకొని, అది తమ వద్ద ఉన్నప్పుడే మీట వేసేవారు. గుర్తు చేతిలో లేనివాడు పెట్టె తెరవరాదు. ఎంత చక్కని కట్టుబాటు! ఖరీదైన యంత్రమేదీ చేయలేని పనిని ఒక క్లిప్పు చేసింది. 21వ శతాబ్ది తొలి దశకంలో 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చిన పిదప ఈ బెడద చాలవరకు తీరిపోయింది. ప్రతి రిసీవరు తన ట్రాన్స్‌మిటరును గుర్తుపట్టి దాని మాట మాత్రమే వింటుంది.

ఒక బెడద తీరగా మరొకటి మిగిలింది. ఈ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఇంత చిన్న తరంగాన్ని తడి ఆకులు, మనిషి శరీరం, విమానంలోని బ్యాటరీ, కార్బన్ గొట్టాలు సులభంగా అడ్డగిస్తాయి. అందువలన రిసీవరు యొక్క రెండు ఏరియళ్లను ఒకదానికొకటి లంబంగా అమర్చాలి. ఒకటి చాటునపడినా రెండవది వింటుంది. ట్రాన్స్‌మిటరు ఏరియల్ కొసను విమానం వైపు గురిపెట్టరాదు. కొస నుండి వెలువడే తరంగం అతి బలహీనం. ఈ సంగతి తెలియని పిల్లలు దారితప్పిన విమానం వైపు పెట్టెను చాచి మరీ గురిపెడతారు. సరిగా అవసరమైన వేళకే సంకేతం సన్నగిల్లుతుంది.

అసలు చెప్పవలసిన మాట వేరే ఉన్నది. రేడియో చెడిపోయిందని చెప్పే సందర్భాలు అనేకం వాస్తవానికి బ్యాటరీ కథలు. చాలా విమానాలలో మోటారుకు, రిసీవరుకు ఒకే బ్యాటరీ. లిథియం పాలిమర్ ఘటం ఒక్కొక్కటి పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టులు, 3 వోల్టులకు దిగితే ఘటమే పాడవుతుంది. బ్యాటరీ అడుగంటిన వేళ మోటారు ఒక్కసారిగా అధిక విద్యుత్తును లాగినచో వోల్టేజి కుంగి రిసీవరు ఆరిపోయి మరల వెలుగుతుంది. ఆ రెండు మూడు సెకన్లు విమానం ఎవరిదీ కాదు. నేలబడిన తరువాత పరీక్షించి చూస్తే అన్నీ సక్రమంగా పనిచేస్తాయి. నేరం రేడియో మీద పడుతుంది. గడియారం పెట్టుకొని, బ్యాటరీలో ఇంకా నాలుగవ వంతు మిగిలి ఉండగానే దించడం దీనికి మందు. గడియారం కన్న గట్టి సాధనం ఇంకొకటి లేదు.

అంతకన్న పెద్ద కారణం నడిపేవారి కన్ను, చేయి. విమానం తన నుండి దూరంగా పోతున్నంతసేపు కుడి కుడియే, ఎడమ ఎడమయే. అది తిరిగి ఎదురుగా వచ్చినప్పుడు అంతా తారుమారవుతుంది. కుడికి తిప్పిన విమానం చూచేవారి ఎడమకు పోతుంది. కంగారుపడిన పిల్లవాడు మరికొంత కుడికి నొక్కుతాడు. అది మరింత వంగి, మెలితిరిగి కూలుతుంది. ఎదురుగా వచ్చే విమానానికి ఏ రెక్క కిందికి వాలి ఉన్నదో ఆ వైపునకే మీటను జరపాలి. వాలిన రెక్కకు కింద నుండి చేయి ఊతమిచ్చినట్లు భావించుకొన్నచో పొరపాటు జరగదు. ఈ ఒక్క కిటుకు ఎన్నో విమానాలను కాపాడుతుంది. అట్లే విమానం కిందికి దిగిపోతున్నదని గాభరాపడి ఎలివేటరును వెనుకకు లాగుతూనే ఉంటారు. ముక్కు లేస్తుంది, వేగం తగ్గుతుంది, రెక్కలు గాలిపై పట్టు విడుస్తాయి. లాగడం మాని, ముక్కును కొద్దిగా దించి, మోటారు వేగం పెంచినచో విమానం తేరుకొంటుంది. కాని తేరుకొనడానికి కింద చోటుండాలి. రెండు తప్పులు చేసినా ఇంకా మిగిలేటంత ఎత్తులో కొత్తవారు ఎగురవేయాలని అనుభవజ్ఞులు చెప్పడం అందుకే.

కొత్తవారికి నేర్పే పద్ధతి ఉపాధ్యాయులకు ప్రత్యేకించి నచ్చుతుంది. రెండు ట్రాన్స్‌మిటర్లను కలుపుతారు. విమానం గురువు పెట్టె మాటనే వింటుంది. గురువు ఒక మీటను పట్టి ఉంచినంతసేపు శిష్యుని పెట్టెకు అధికారం లభిస్తుంది. మీటపై నుండి వేలు తీసిన మరుక్షణం విమానం గురువు చేతికి వస్తుంది. శిష్యుడు తడబడగానే వేలు తీసే గురువు వద్ద శిష్యుడేమీ నేర్వడు. మరీ ఆలస్యంగా తీసినచో విమానం దక్కదు. ఎంతవరకు ఆగాలన్నది పుస్తకాలలో లేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఏదో ఒకనాడు సంకేతం తెగుతుంది. అప్పుడు విమానం ఏమి చేయాలో ముందే నిర్ణయించి రిసీవరుకు నేర్పి ఉంచాలి. దీనినే ఫెయిల్‌సేఫ్ అంటారు. కొందరు ఈ అమరికను పట్టించుకొనరు. కొన్ని రిసీవర్లు అట్టి స్థితిలో చివరి ఆజ్ఞనే పట్టుకొని ఉంటాయి. మోటారు పూర్తి వేగంతో ఉండగా సంకేతం తెగినచో విమానం ఆ వేగంతోనే కనుచూపు దాటి, ఏ రహదారి మీదనో, ఏ ఇంటి మీదనో పడుతుంది. మోటారు ఆగిపోవాలి, చుక్కాని కొద్దిగా ఒక పక్కకు వంగాలి. అప్పుడు విమానం చుట్లు తిరుగుతూ మైదానంలోనే దిగే అవకాశముంటుంది. విమానం దెబ్బతినవచ్చును. తిననీయవలసినదే. అమరిక సరిగా ఉన్నదీ లేనిదీ తెలుసుకొనడానికి ప్రొపెల్లర్ తీసివేసి, నేల మీద ట్రాన్స్‌మిటరు ఆర్పి చూడాలి. మామూలు వేళల్లో మాత్రం ముందు ట్రాన్స్‌మిటరు వెలిగించి తరువాత విమానం వెలిగించాలి. ఆర్పేటప్పుడు ముందు విమానం, తరువాత ట్రాన్స్‌మిటరు. ఈ క్రమం తప్పినవారి వేళ్లకు ప్రొపెల్లర్ పాఠం చెబుతుంది.

మనిషి చేయి దాటిన విమానాలన్నీ ప్రమాదకరమైనవేనా అన్న ప్రశ్న పిల్లలు అడుగుతారు. కావు. 2003 ఆగస్టు 9న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరాన కేప్ స్పియర్ నుండి అమెరికా దేశస్థుడు మేనార్డ్ హిల్ బృందం బాల్సా చెక్కతో చేసిన విమానాన్ని వదిలింది. ఇంధనంతో కలిపి దాని బరువు అయిదు కిలోలకు లోపు. ఆనాటికి హిల్ వయస్సు డెబ్బది దాటింది. చూపు చాలావరకు పోయింది. అంతకు ముందు పంపినవి గమ్యం చేరలేదు. ఈ విమానం మాత్రం స్వయంచాలక సాధనం సహాయంతో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి, సుమారు 39 గంటలలో 3,000 కిలోమీటర్లు ప్రయాణించి, ఆగస్టు 11న ఐర్లాండ్ తీరం చేరింది. అక్కడ వేచి ఉన్న సహచరుడు దానిని రేడియోతో అందుకొని నేలకు దించాడు. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే వైమానికులు తొలిసారి ఎక్కడా ఆగకుండా దాటిన దారి కూడ దాదాపు ఇదే. దారి పొడవునా కింద ఉన్నది సముద్రం. పాఠశాల ఆటస్థలానికి, దానికి గల తేడా ఇదే.

స్థలం ఎంపికలో చట్టం మాట కూడ ఉన్నది. భారత ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రకటించిన డ్రోన్ నియమావళి 25 కిలోలకు మించని బరువుతో, విద్యకు గాని వినోదానికి గాని, కనుచూపు మేరలో నడిపే విమానాలను నమూనా విమానాలుగా గుర్తించింది. గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించింది. ఆకుపచ్చ మండలంలో 120 మీటర్ల ఎత్తు వరకు, విమానాశ్రయ సరిహద్దుకు 8 నుండి 12 కిలోమీటర్ల దూరంలో 60 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదని పేర్కొన్నది. హోసూరు ప్రాంతం వారు దీనిని తేలికగా తీసుకొనరాదు. బెలగొండపల్లి వద్ద విమానాల రన్‌వే ఉన్నది. బెంగళూరు వైపు హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం ఉన్నది. ఏ చెరువు మైదానం ఏ మండలంలో ఉన్నదో అధికారిక పటంలో చూచుకొనిన తరువాతనే పిల్లలను తీసుకొనిపోవాలి. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో శిక్షణ పొందిన పూర్వ విద్యార్థులకు నమూనా విమానాలు పాఠ్యాంశమే గనుక, వారు ముందుకు వచ్చి చేయి కలిపినచో ఎంతో మేలు.

మైదానానికి వచ్చే తల్లిదండ్రులు నడిపేవారి వెనుక నిలబడాలి. పక్కలకు గాని, విమానం దిగే దారికి గాని రాకూడదు. నడిపే పిల్లవానిని పలకరించవద్దు, ఫోటో కొరకు ఇటు చూడమనవద్దు. విమానం చేయి దాటినట్లు తోచగానే నడిపేవారు గట్టిగా కేక వేయాలి, మోటారు ఆపాలి. సిగ్గుపడి మౌనంగా తంటాలు పడడం వలననే వెనుకనున్నవారు తప్పుకొనలేకపోతారు. విమానం ఏ చెట్టుకు సూటిగా మాయమైనదో ఒకరు చూపు మరల్చకుండ గుర్తు పెట్టుకొనగా, మరొకరు ఆ దిక్కుగా నడవాలి. విద్యుత్ తీగలకు చిక్కినచో ఎవరూ తాకరాదు. కర్రతో కూడ తీయరాదు, విద్యుత్ శాఖకు కబురు చేయాలి. దొరికిన విమానంలోని బ్యాటరీ నలిగినా, ఉబ్బినా పుస్తకాల సంచిలో వేసుకొని ఇంటికి తేరాదు. అది కొంతసేపటికి కూడ అంటుకొనవచ్చును. ఇసుక నింపిన మూకుడులో ఉంచి, ఆరుబయటనే వదిలి, మరునాడు ప్రయోగశాల సహాయకునికి అప్పగించాలి. మూకుడు, ఇసుక ప్రయోగశాల తలుపు పక్కనే ఉంటాయి.